శనివారం రాత్రి ఛార్జింగు

"కావాలనే ఆపినావు, అమ్మమ్మా. ఒప్పుకో."

"కావాలని ఆపడానికి నాకేటి పనిలేదా? ఉరిమింది. ఉరిమితే మెయిన్ ఆపుతాను. ఈ ఇంట్లో ఎప్పుడూ అంతే."

"ఉరుము ఆగిపోనాక మళ్లీ ఎయ్యాలి కదా?"

"నిద్రట్టేసింది."

"నిద్రట్టేసిందట. పిల్లి గోడ దూకితే లేస్తావు, పక్కింట్లో గిన్నె పడితే లేస్తావు. నా బండి దగ్గరికొచ్చేసరికి నిద్రట్టేసింది. ఇటు సూడు, పావు వంతు కూడా ఎక్కలేదు. దీంతో పొలసర కాదు, దారిలో హింజిలి దాటితే గొప్ప."

"అయితే బస్సులో ఎల్లు. బండి ఇక్కడుంటాది. ఎవడెత్తుకుపోతాడు?"

"ఆదివారం బస్సు ఊరూరా ఆగి ఎల్లేసరికి మధ్యాన్నం అయిపోద్ది. అప్పుడు ఆ పెళ్లివారి జాకెట్లకి లేసు కుట్టి ఏటి సేస్తాను? పెళ్లికూతురు పీటల మీద కూసునుంటాది. బస్సు బాధ పడలేకే కదా ఈ బండి కొన్నాది. కరెంటు బండి కొనమన్నది ఎవరు? నువ్వు కాదూ?"

"నానే. గవర్నమెంటు డబ్బులిస్తానంటే ఒద్దంటామా? కొనమన్నాను కానీ, నా మీటరు తిరుగుతాదని ఒక్కనాడైనా అన్నానా?"

"ప్రతీ వారం అన్నావు."

నిజమే, అన్నాను. లోపలికి వెళ్లి మెయిన్ వేశాను. వసారాలో ఛార్జరు మీద దీపం వెలిగింది. మా మనవరాలు ఆ దీపం వైపు చూస్తూ బండి పక్కన ముక్కాలిపీట మీద కూర్చుండిపోయింది. అప్పటికింకా సరిగ్గా తెల్లవారలేదు.

ఆమె మా అమ్మాయి కూతురు. మా అమ్మాయి, అల్లుడు రైల్వే ఉద్యోగం మీద ఖరగ్‌పూర్‌లో ఉన్నారు. మనవరాలిని మాత్రం పొలసరలో ఇచ్చారు. భర్తకు అక్కడ సొసైటీలో గుమాస్తా పని. ఈమె ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్ వేస్తుంది. లైనింగు గుడ్డ, లేసులు, దారాలు కావాలంటే బరంపురం బడా బజార్‌కే రావాలి. నేను ఆ ఊళ్లోనే గోసాని నువాగాంలో రెండు గదులు అద్దెకు తీసుకుని ఉంటున్నాను. మా ఆయన రైసు మిల్లులో పనిచేసినప్పటి నుంచి ఈ పేటలోనే ఉన్నాను, ఇళ్లు మారాను గాని పేట మారలేదు. ఒడియా మాట్లాడతాను, బోర్డు చదవమంటే చదవలేను. తెలుగు బడిలో నాలుగో క్లాసుతో నా చదువు అయిపోయింది.

బస్సులో వచ్చే రోజుల్లో ఆమె శనివారం శనివారం వచ్చేది. బజారు పని ముగించుకుని, మూటలతో మధ్యాహ్నానికి నా దగ్గరికి చేరేది. అన్నం పెడితే గోడ గడియారం చూసుకుంటూ తినేది. చారు పోయబోతే చెయ్యి అడ్డం పెట్టి "బస్సు" అనేది. ఆ ఒక్క మాటే. నేను కూడా "పొద్దు పోకముందే ఎల్లు" అని గుమ్మం దాకా తరిమేదాన్ని. ఆమె వెళ్లాక ఆ కంచం కడుగుతుంటే ఇల్లు మరీ పెద్దదిగా అనిపించేది. ఉన్నవి రెండు గదులే.

మిగతా రోజుల్లో నాకు మాట్లాడే పని ఉండదు. పాలు పోసేవాడితో "నీళ్లు తగ్గించు" అంటాను. కూరగాయల బండివాడితో బేరం ఆడతాను. అంతటితో నోటి పని అయిపోతుంది. కొన్ని వారాల్లో శనివారం మనవరాలు వచ్చి పలకరిస్తే నా గొంతు మొదట గరగరమనేది. "జలుబు సేసిందేటి?" అని అడిగేది. అవునని చెప్పేదాన్ని.

వానాకాలంలో బస్సులు సరిగ్గా నడవక, ఒకసారి మూటలన్నీ తడిసిపోయాక, ఆమె స్కూటరు కొంటానంది. భర్తకేమో పెట్రోలు బండి మీద మనసు. ఈమె స్నేహితురాలెవరో కరెంటు బండికి ప్రభుత్వం డబ్బు ఇస్తోందని చెప్పిందట. ఏదైనా కొనేటప్పుడు బేరానికి నన్ను తీసుకెళ్లడం ఆమెకు చిన్నప్పటి నుంచి అలవాటు. నేను నోరు విప్పకుండా నిలబడితేనే బడా బజార్‌లో సగం మంది ధర తగ్గిస్తారు. అందుకని కొత్త బస్టాండు దగ్గరున్న బండ్ల షాపుకు నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది.

అక్కడ బేరం సాగలేదు. షాపతను చాలా మర్యాదగా, పిన్నిని పిలిచినట్టు, "మావుసీ, ధర తగ్గించేది నేను కాదు, ప్రభుత్వం" అన్నాడు. బండికి నంబరు వచ్చాక కొంత డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుందట. రోడ్డు టాక్సు లేదట. రిజిస్ట్రేషనుకు కట్టేది లేదట. బండి మాత్రం ఒడిశాలోనే రిజిస్టరు కావాలట.

నాకు అనుమానం వచ్చింది. షాపువాడు తగ్గిస్తే వాడి జేబులోంచి పోతుంది, అది నాకు అర్థమవుతుంది. ప్రభుత్వం మాకెందుకు ఇస్తుంది?

"పొగ తగ్గాలని, మావుసీ. ముందు కొన్నవాళ్లకే ఇస్తారు. అందరూ కొనడం మొదలెట్టాక ఆపేస్తారు."

అది నాకు తెలిసిన పద్ధతే. కట్టెల పొయ్యి మానిపించి గ్యాసు పొయ్యి అలవాటు చేసినప్పుడు అలాగే చేశారు. మొదట్లో చవకగా ఇచ్చారు, అలవాటు పడ్డాక సిలిండరు ధర మన చేతిలో లేకుండా పోయింది. అయినా కట్టెల పొయ్యికి మళ్లీ వెళ్లామా? లేదు. ఎల్‌ఈడీ బల్బులు కూడా కరెంటాఫీసు దగ్గర వరసలో నిలబెట్టి చవకగా ఇచ్చారు. నేను మా ఇంటికి సరిపడా తెచ్చుకుని, పక్కింటివాళ్ల చేత కూడా తెప్పించాను. మంచిదని చెబితే మనిషి కొత్త వస్తువు కొనడు. చవకంటే కొంటాడు, కొన్నాక మంచిదని తనే చెబుతాడు. నేనూ అంతే, మా పేటంతా అంతే.

మనవరాలు అసలు సంగతి అడిగింది. పొలసర నుంచి బరంపురం వచ్చి, మళ్లీ వెళ్లగలదా బండి?

"రావడం వస్తుంది. తిరిగి వెళ్లాలంటే మళ్లీ ఛార్జింగు పెట్టాలి. ఇంటి ప్లగ్గుకైతే రాత్రి పెట్టి పొద్దున్న తియ్యడమే" అన్నాడతను.

ఆమె ముఖం చిన్నబోయింది. ఫోనులో భర్త ఈ మాటలన్నీ వింటున్నాడు. "నాను మొదట్నుంచీ సెప్తున్నది అదే. పెట్రోలు బండి తీసుకో, పొద్దున్న ఎల్లి సాయంత్రానికి వచ్చెయ్యొచ్చు" అన్నాడు.

రాత్రి పెట్టి పొద్దున్న తియ్యడం. వాళ్లిద్దరికీ అది బండిలో లోపంగా వినిపించింది. నాకు వేరుగా వినిపించింది. నేను చీర కొంగు సర్దుకుని, షాపతని వైపే చూస్తూ, "కరెంటు బండే తీసుకో. ఊరికే వచ్చే డబ్బు ఒదులుకుంటావేటి? రాత్రి మా ఇంట్లో పెట్టుకో" అన్నాను.

మనవరాలు నవ్వేసింది. "మా అమ్మమ్మకి ఫ్రీ అంటే సాలండి" అని షాపతనికి ఒడియాలో చెప్పింది. అతను కూడా నవ్వాడు. ఫోనులో భర్త "ఆవిడ మాటకి ఎదురెవరు సెప్తారు" అన్నాడు. నేను నవ్వనిచ్చాను. వాళ్లు అలా అనుకుంటేనే నాకు సుఖం.

మర్నాడే మిస్త్రీని పిలిపించి వసారాలో పెద్ద ప్లగ్గు పెట్టించాను. అతను అడిగింది బేరం ఆడకుండా ఇచ్చేశాను. అతను డబ్బు చేతిలో పట్టుకుని, "మావుసీ, ఒంట్లో బాగుందా?" అని అడిగాడు.

అప్పటి నుంచి నా శనివారాలు మారిపోయాయి. ఆమె మధ్యాహ్నం దాటాక వచ్చేది. బండి వసారాలోకి ఎక్కించి, ప్లగ్గు పెట్టి, చెప్పులు విడిచి "అమ్మయ్య" అని నేల మీద చాప వేసుకునేది. ఇక గడియారం చూసేది కాదు. సాయంత్రం ఇద్దరం వడియాలు వేయించుకుని పప్పుచారుతో తినేవాళ్లం. కొన్న లేసులన్నీ చాప మీద పరిచి ఏది ఏ చీరకు నప్పుతుందో నన్ను అడిగేది. నేను చెప్పినదానికి వ్యతిరేకంగా తీసేది. పొలసరలో ఏ ఇంట్లో అత్తాకోడళ్లు మాట్లాడుకోవడం లేదో, ఎవరు జాకెట్టు బిగుతుగా కుట్టమని కుట్టాక ఊపిరాడటం లేదని తిట్టారో, అన్నీ చెప్పేది. తలకు నూనె రాయమని నా ముందు కూర్చునేది. నేను ఒక్కదాన్నే ఉన్న రాత్రుళ్లు ఫాను వెయ్యను, విసనకర్ర చాలు. ఆమె ఉన్న రాత్రి ఫాను తిరిగేది.

ఇంత సంతోషంలోనూ నా నోట్లోంచి వచ్చే మాట మాత్రం ఒకటే. "సూడు, మీటరు ఎలా తిరుగుతోందో." బండి ప్లగ్గు పెట్టగానే అనేదాన్ని, పొద్దున్న తీసేటప్పుడు మరోసారి అనేదాన్ని. ఏదో ఒకటి అనకపోతే నాకు తోచదు. వచ్చినందుకు బాగుందని చెప్పడం మా అమ్మ దగ్గర నేను వినలేదు, మా అమ్మాయికి నేను చెప్పలేదు.

ప్రభుత్వం డబ్బు మాత్రం వెంటనే పడలేదు. బండి కాగితంలో ఇంటిపేరు ఒడియావాళ్ల పద్ధతిలో చివర రాశారు, బ్యాంకు పుస్తకంలో మన పద్ధతిలో ముందుంది. ఇద్దరు మనుషులనుకుని ఎక్కడో ఆపేశారు. ఆమె ప్రతి శనివారం ఫోను చూసుకుని "ఇంకా పడలేదు" అనేది. భర్త అక్కడ సణిగేవాడట. డబ్బు రాకపోతే బండి అమ్మిస్తాడేమోనని నాకు లోపల భయంగా ఉండేది. బ్యాంకుకు నేను కూడా వెళ్లి, బల్ల ముందు కుర్చీ వేసుకుని, పేరు సరిచేసేదాకా లేవలేదు. చివరికి పడింది. ఆ శనివారం ఆమె మిఠాయి తెచ్చింది. భర్త కూడా ఫోను చేసి, "మీ మాటే నెగ్గింది, అమ్మమ్మగారూ. మా ఈదిలో ఇంకా ఇద్దరు బుక్ సేసినారు" అన్నాడు. డబ్బు పడిందని తెలిశాకే వాళ్లు కదిలారట. బండి అంతకు ముందు నుంచీ వాళ్ల కళ్ల ముందే తిరుగుతోంది.

ఆ తర్వాత ఈ వేసవి వచ్చింది. ఉరుము ఉరిమిన ఆ శనివారం ఆమె బజారులో ఆలస్యమై పొద్దుగూకాక వచ్చింది. అన్నం తింటూ చెప్పింది.

"అమ్మమ్మా, నీకో మంచి మాట. ఆస్కా రోడ్డు మీద ఛార్జింగు పెట్టే సోటు తెరిసినారు. దానికి కూడా గవర్నమెంటే సాయం సేసిందట. టీ తాగి, రెండు ఫోన్లు మాట్లాడేసరికి ఇంటికెల్లడానికి సరిపడా ఎక్కేస్తాదట. వచ్చే వారం నుంచి అక్కడే పెట్టుకుంటాను. పొద్దున్నొచ్చి సాయంత్రానికి ఇంట్లో ఉంటాను. నీకు బాధ తప్పింది, ఇంక నీ మీటరు తిరగదు."

ఆమె సంతోషంగానే చెప్పింది. నా గురించి ఆలోచించే చెప్పింది. నేను "మంచిదే" అని, ఆమె కంచంలో చారు పోశాను.

ఆ రాత్రి అన్నాలయ్యాక కాసేపటికి గాలి లేచింది. మా గంజాం జిల్లాలో వేసవి ఉరుములు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. మొదటి మెరుపుకే వీధిలో ఇంటింటా మెయిన్ ఆపేస్తారు. మా మిల్లు రోజుల్లో పక్క వరసలో ఒక ఇంటికి పిడుగు పడి తీగలన్నీ మాడిపోయాయి. అప్పటి నుంచి నా చెయ్యి నా కన్నా ముందే ఆ బోర్డు దగ్గరికి వెళుతుంది. అలాగే వెళ్లింది. మనవరాలు బజారు తిరిగి అలసిపోయి అప్పటికే నిద్రలో ఉంది. వాన హోరు తగ్గేదాకా కూర్చున్నాను. చల్లగాలి వచ్చింది. నడుం వాల్చాను.

కావాలని ఆపలేదు. మరిచిపోయాను. అది ఎవరు అడిగినా చెబుతాను. అయితే పొద్దున్నే ఛార్జరు మీద దీపం లేకపోవడం చూసినప్పుడు, మొదటి క్షణంలో నాకు బాధ కలగలేదు. ఇవాళ కూడా ఉంటుంది అనుకున్నాను. ఆ జాకెట్ల సంగతి గుర్తొచ్చింది ఆ తర్వాతే.

ఆమె పెళ్లివారికి ఫోను చేసింది. పెళ్లికూతురి తల్లి గొంతు నాకు వంటగది దాకా వినిపించింది. ఎంత బతిమాలినా వినలేదు. ఇంటికొచ్చి లేసు కుట్టని జాకెట్లు పట్టుకెళ్లి వేరే టైలరుకు ఇచ్చేస్తామని చెప్పి పెట్టేసింది. తర్వాత ఆమె భర్తకు చెప్పింది. అతను ఏమన్నాడో నాకు వినపడలేదు. ఈమె మాత్రం, "అబ్బే, పెద్దావిడ, మర్సిపోనాది" అంది. అతను ఇంకేదో అన్నాక, "నాకూ అలాగే అనిపించింది కానీ ఇప్పుడనేసి ఏటి లాభం" అంది.

పగలంతా బండి వసారాలో ఛార్జింగు ఎక్కుతూ ఉంది. మేమిద్దరం ఇంట్లో ఉండి మాట్లాడుకోలేదు. నేను ఉప్మా చేస్తే తినలేదు. మధ్యాహ్నం పులుసన్నం పెడితే తిని, కంచం తనే కడిగి బోర్లించింది. లేసు చుట్ట విప్పి మళ్లీ చుట్టింది. ఆదివారం ఆమె నాతో ఉండాలని ఎన్నో వారాలుగా అనుకున్నాను. ఉంది. ఒక్కదాన్నే ఉన్న ఆదివారాలు ఇంతకంటే తేలిగ్గా గడిచాయి.

సాయంత్రానికి బండి సిద్ధమైంది గాని, పొలసర చేరేసరికి చీకటి పడుతుందని ఆమే ఆగింది. మెట్ల మీద కూర్చుంటే నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"అమ్మమ్మా."

"ఏటి."

"నిజంగా మర్సిపోనావా?"

"మర్సిపోయాను."

"సరే, నాను నమ్ముతాను. ఆయనే నమ్మడం లేదు."

"నమ్మకపోతే మానీమను. ఆయనకి నాను పిల్లనివ్వలేదు, మీ నాన్న ఇచ్చాడు."

ఆమెకు కొంచెం నవ్వొచ్చింది. ఆపుకుంది.

"నువ్వు ఒక్కసారైనా నన్ను ఉండమని అన్నావా, అమ్మమ్మా? బస్సులో వచ్చిన రోజుల్లో? పొద్దు పోకముందే ఎల్లు, ఎల్లు అనేదానివి. నానుంటే నీకు ఇబ్బందేమో అనుకునేదాన్ని."

"సీకటడితే ఆడపిల్లకి దారి బాగోదని అన్నాను."

"ఉండిపో అంటే దారితో పనేటి?"

ఎదురింటి గోడ మీద పిల్లి నడిచి వెళ్లేదాకా చూశాను.

"అలా అడగడం నాకు అలవాటు లేదే, పిల్లా" అన్నాను.

"తెల్సు."

"బండికి ఛార్జింగు పెట్టాలి కాబట్టే ఉండేదానివి కదా."

ఆమె చీర అంచుకు అంటిన దారం పోగు తీసి పారేసింది.

"మొదట్లో అంతే," అంది. "తర్వాత నాకూ తెలీదు. మీటరు మీటరు అంటావు కదా, ఎల్లిపోవాలనిపించేది. తలకి నూనె రాస్తావు, ఉండాలనిపించేది. నీతో ఇదే గొడవ."

ఆ రాత్రి వాన లేదు. నూనె రాయమని ఆమె అడగలేదు, రాయనా అని నేనూ అడగలేదు.

మర్నాడు సోమవారం. తెల్లవారేసరికి ఆమె స్నానం చేసి, మూటలు బండి ముందు భాగంలో సర్ది తాడు కట్టింది. నేను టీ పెట్టి గ్లాసులో పోసి ఇచ్చాను. నిలబడే తాగింది. ఆమె హెల్మెటు తీసుకుంటుంటే అడిగాను.

"వచ్చే శనివారం రాత్రి ఉంటావా? బండి కోసం కాదు. ఉండు."

ఆమె హెల్మెటు చేతిలోనే పట్టుకుని నా వైపు చూసింది.

"ఈ శనివారం కుదరదు, అమ్మమ్మా. ఆ పెళ్లివాళ్లు ఊరంతా సెప్పుంటారు, ఇంక ఉన్న పనైనా టైముకి ఇవ్వాలి. ఆస్కా రోడ్డు మీద ఛార్జింగు పెట్టుకుని సాయంత్రమే ఎల్లిపోతాను. అన్నానికి వస్తాను. రాత్రికి ఉండడం తర్వాత సూద్దాం."

"సరే" అన్నాను.

ఆమె వంగి నా కాళ్లకు దండం పెట్టి బండి ఎక్కింది. దానికి చప్పుడు లేదు. పెట్రోలు బండైతే బజారు మలుపు దాటాక కూడా కాసేపు వినిపిస్తుంది. ఇది మలుపు తిరగ్గానే అయిపోయింది. పాలతను వస్తే గిన్నె పట్టాను. నీళ్లు తగ్గించమని చెప్పలేదు. లోపలికి వచ్చి రెండు గ్లాసులూ కడిగాను.